వదిలేసిన నాలుగో షరతు

బిలాస్‌పూర్ నగరం, మంగ్లాలో సొంత ఇంట్లో ఉంటున్న ముద్దాడ కనకమహాలక్ష్మి అను నేను, కీర్తిశేషులు ముద్దాడ నూకరాజు గారి కుమార్తెను, వయసు డెబ్బై రెండు, అవివాహితను, ముప్పై ఏడేళ్ళు కాలేజీలో తత్త్వశాస్త్రం చెప్పి రిటైరైనదానను, నా తదనంతరం నా స్థిర చరాస్తులు ఎవరికి ఏ విధంగా చెందాలో నా చేత్తో నేనే రాసుకుంటున్న మరణశాసనం ఇది. ఇంతకుముందు రాసిన రెండు వీలునామాలూ దీనితో రద్దు. వాటిలో అబద్ధం ఒక్కటీ లేదు. చెప్పవలసిన మాట కూడా ఒక్కటీ లేదు.

నా బుద్ధి స్థిమితంగా ఉందని డాక్టరు ఇచ్చిన కాగితం జతచేశాను. నన్నెవరూ బెదిరించలేదు, బతిమాలలేదు, ఒక పూట అన్నం పెట్టి మంచి చేసుకోలేదు. బుద్ధి స్థిమితంగా ఉంటే మనిషి మంచిగా ఉంటాడని నా విద్యార్థులకు ఏళ్ళ తరబడి చెప్పాను. అది తప్పని చెప్పడానికి నాకంటే మంచి ఉదాహరణ దొరకదు.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత మా అన్న మనవరాలు భవితకు అప్పగిస్తున్నాను. తను ఇక్కడి కోర్టులోనే వకీలు. తెలుగు కూడబలుక్కుని చదువుతుంది, అందుకని హిందీ అనువాదం జతపరిచాను. ఇందులో వాళ్ళ తాత గురించి రాసింది చదివితే తనకు కష్టంగా ఉంటుంది. అయినా ఒక్క వాక్యమూ తీసెయ్యకూడదు. ఈ కుటుంబంలో తీసెయ్యడాలు చాలా జరిగాయి.

2. నాకు జరిగిన సన్మానాల్లో కప్పిన శాలువాలు పదకొండు ఉన్నాయి. నాఫ్తలీన్ వాసన కొడుతున్నాయి. వాటిని మా వీధి కుక్కలకు చలికాలంలో పరిచెయ్యాలి. వాటితో పాటు ఇచ్చిన జ్ఞాపికలను ఇనప సామాన్లవాడు తీసుకుంటే సరే, లేకపోతే పారెయ్యాలి. "నీతిశాస్త్ర నిధి" అని చెక్కించిన ఇత్తడి పలక ఒకటుంది. అది ముందు పారెయ్యాలి.

3. నా ఇనప బీరువా, టేబుల్ ఫ్యాను, కొత్త దుప్పట్లు రెండూ రాంప్రసాద్‌కు చెందాలి. రాంప్రసాద్ మొదట రిక్షా, తరవాత ఆటో నడిపాడు. ముప్పై ఏళ్ళకు పైగా ప్రతి ఆదివారం నన్ను ఊళ్ళోనే ఉన్న తాలాపారాకు తీసుకెళ్ళి, నా చదువయ్యేదాకా బయట కూర్చుని, వెనక్కి తెచ్చాడు. ఎండలో కూర్చున్నా ఒక్కసారీ హారను కొట్టలేదు. నేను లోపల ఏం చదువుతున్నానో అడిగితే చెప్పేదాన్ని. విని, "అచ్ఛా దీదీ, ఇది రోజూ చేసేదేనా, ఆదివారం మాత్రమేనా?" అన్నాడొకసారి. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. నేను బండి పోనిమ్మన్నాను.

4. మా అన్న శంకరరావుకు నేను ఏమీ ఇవ్వడం లేదు. అది మరిచిపోయి కాదని కోర్టువారికి తెలియాలి కాబట్టి కారణం రాస్తున్నాను.

మా అన్న నాకంటే ఏడేళ్ళు పెద్ద. నాన్న రైలు ఇంజన్ల షెడ్డులో ఫిట్టరుగా చేస్తూ చనిపోయాక, రైల్వేలో గుమాస్తాగా చేరి నన్ను చదివించాడు. ఆ మేలు కాదనను. సోమవారం ఉపవాసం, శుక్రవారం ఉపవాసం, కార్తీకంలో చన్నీళ్ళు, ఏడాదికో దీక్ష. రైల్వే కాలనీలో మన ఉత్తరాంధ్ర వాళ్ళు కట్టుకున్న అమ్మవారి గుడికి ఇరవై ఆరేళ్ళు సెక్రటరీ. అతని నుదుటి మీది కుంకుమబొట్టు చూస్తే నేను ఇప్పుడు మొహం తిప్పుకుంటాను. అది కుంకుమ తప్పు కాదు.

పందొమ్మిది వందల తొంభై ఒకటి దసరాలకు అమ్మవారికి వెండి కిరీటం చేయించాలని కమిటీ అనుకుంది. విజయనగరంలో ఒక కంసాలికి పని అప్పచెప్పారు. పెట్టె ప్రైవేటు పార్శిల్లో వచ్చింది. ఆ పార్శిల్ ఆఫీసులో గుమాస్తా పేరు జమీలుద్దీన్. మా అన్నే సంతకం పెట్టి పెట్టె తీసుకొచ్చాడు. గుళ్ళో అందరి ముందూ విప్పితే దీపపు కుందులు ఉన్నాయి, కిరీటం లేదు. పెట్టె మేకులు వదులుగా ఉన్నాయని ఎవరో అన్నారు. మధ్యలో ఎవరి చేతిలో ఉందని ఇంకొకరు అడిగారు. గుమాస్తా పేరు వినగానే ఇక వెతకవలసిన పని లేకపోయింది అందరికీ. మా అన్న కాగితం మీద ఫిర్యాదు రాసిచ్చాడు. "పెట్టెను విప్పిన గుర్తులు నేను చూచితిని" అని రాశాడు. అతను చూసింది లేదు.

జమీలుద్దీన్‌ను విచారణ పేరుతో రెండు రోజులు కూర్చోబెట్టి, ఏమీ దొరక్క వదిలేశారు. ఉద్యోగం పోయింది. మసీదు దగ్గర పెద్దలు దర్గాలో ప్రమాణం చెయ్యమన్నారు. "నా మాట చాలనివాళ్ళకు నా ప్రమాణం ఎలా చాలుతుంది?" అని ఆయన చెయ్యనన్నాడు. దాంతో వాళ్ళూ సలాముకు జవాబివ్వడం మానేశారు. గుడి వాళ్ళదీ మసీదు వాళ్ళదీ ఒకే రకం భక్తి అని అప్పుడు తెలిసింది. ఆయన కూతురు నస్రీన్‌కు అప్పుడు పదమూడేళ్ళు. బళ్ళో "ముకుట్‌వాలీ" అని, అంటే కిరీటం పిల్ల అని, పిలిచేవారు. ఎనిమిదో క్లాసుతో చదువు మానేసింది.

నెల తరవాత, మా అన్న డ్యూటీకి వెళ్ళిన పూట, కంసాలి దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది. పోస్ట్‌మాన్ నా చేతికిచ్చాడు. నేను చదివాను. కిరీటానికి మెరుగు సరిగా రాలేదని ఆపి ఉంచామనీ, పెట్టెలో కుందులు మాత్రమే పంపామనీ, ఆ సంగతి ముందే రాయకపోవడం తన పొరపాటనీ, కిరీటం ఇప్పుడు తయారుగా ఉందనీ రాశాడు.

సాయంత్రం అన్న వచ్చాక ఉత్తరం అతని ముందు పెట్టాను. రెండుసార్లు చదివాడు. "ఇప్పుడు చెప్తే మన పరువు ఏటవుద్ది?" అన్నాడు. జమీలుద్దీన్ పరువు ఏమైందో అడగలేదు. నేను నోరు తెరిచేలోగా మా అమ్మ అప్పయమ్మ నా చెయ్యి పట్టుకుంది. "నీ అన్న తల దించుకు తిరిగితే నేను బతకనమ్మా. ఆ గుమాస్తా మొగోడు, ఏదో పని చూసుకుంటాడు" అంది. నేను నోరు మూసుకున్నాను. ఉత్తరం మాత్రం నా దగ్గర ఉంచుకున్నాను. దానివల్ల నేను వాళ్ళకంటే కొంచెం మెరుగని చాలాకాలం అనుకున్నాను.

అన్న విజయనగరం వెళ్ళి, ఆ కిరీటమే తెచ్చి, పోయినదాని బదులు తన సొంతంతో కొత్తది చేయించానని గుళ్ళో చెప్పాడు. "భక్తుడు ముద్దాడ శంకరరావు సమర్పించినది" అని లోపలి పట్టీ మీద చెక్కించాడు. కాలనీ అంతా అతనికి దండ వేసి హారతి ఇచ్చింది. ప్రసాదం నేనూ తిన్నాను. చక్కెర పొంగలి. నెయ్యి చేతికి అంటుకుని సబ్బుతో కడిగినా వదల్లేదు.

కాబట్టి పై మా అన్నకు నా ఆస్తిలో ఏ హక్కూ లేదు. వివాదం తెస్తే చెల్లదు.

5. నా పరిశోధన గ్రంథం మూడు ప్రతులు ఉన్నాయి. ఎవరికీ ఇవ్వకూడదు. చిత్తుకాగితాల కింద అమ్మెయ్యాలి. కారణం ఇదీ.

దాని పేరు, తెలుగులో చెప్పాలంటే, "ఇస్లామీయ తత్త్వంలో మత సద్గుణాలకూ తాత్త్విక సద్గుణాలకూ గల సంబంధం." దాని మూల గ్రంథాలను నాతో అక్షరం అక్షరం చదివించినది పైన చెప్పిన జమీలుద్దీనే.

ఎనభై ఐదులో నాకు పుస్తకాల పార్శిల్ వస్తే తీసుకోవడానికి వెళ్ళాను. ఆయన రసీదుల మధ్య అరబ్బీ వ్యాకరణం పెట్టుకుని చదువుతున్నాడు. వాళ్ళ తాత హకీము, ఇంట్లో పాత రాతప్రతులు ఉండేవి. నా పార్శిల్ మీద పుస్తకాల జాబితా చూసి, "ఇవి అనువాదాలు కదా మేడమ్. అసలు చదవాలని లేదా?" అన్నాడు. ఆ ఆదివారం నుంచి తాలాపారాలో వాళ్ళింటి వరండాలో నాకు ఉర్దూ, ఆ తరవాత ఫారసీ, కొంత అరబ్బీ నేర్పాడు. ఆయన భార్య టీ ఇచ్చేది. ఆయన మాట్లాడింది హిందీలో. ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నాను.

సంగతి క్లుప్తంగా ఇది. పాతకాలపు ఆ తత్త్వవేత్తలు గ్రీకుల దగ్గర నుంచి నాలుగు గుణాలు తీసుకున్నారు: వివేకం, ధైర్యం, నిగ్రహం, న్యాయం. మతం చెప్పే గుణాలు వేరే ఉన్నాయి: ఓర్పు, కృతజ్ఞత, దేవుడి మీద భారం వెయ్యడం, పశ్చాత్తాపం. ఈ రెండు వరసలకూ సంబంధం ఏమిటి? కొందరు అన్నది, రెండూ ఒకటేనని. వివేకికి రుజువుతో తెలిసేదాన్ని మతం మామూలు జనానికి బొమ్మ గీసి చూపిస్తుందని. ఇంకొందరు అన్నది, నమాజూ ఉపవాసమూ మనిషిలోని ఆకలినీ కోపాన్నీ మచ్చిక చేసే అభ్యాసాలని, అవి లొంగితేనే బుద్ధి మాట చెల్లుతుందని. మరికొందరు, ఆ నాలుగు గుణాలూ ఎంత సాధించినా దేవుడి సాయం లేకపోతే గర్వంగా కుళ్ళిపోతాయని అన్నారు.

నేను మొదటి పక్షం పట్టాను. ఆ పక్షంలో చదువుకున్న నేను పైన ఉంటాను, మా అన్న లాంటి భక్తులు కింద ఉంటారు. వేరే కారణం ఏదీ లేదు. అప్పట్లో చాలా కారణాలు రాశాను.

జమీల్ సాబ్ ఒప్పుకోలేదు. భక్తిని వెనకేసుకు వచ్చాడని కాదు. "ఐదు పూటలా నమాజు చదివి తూకంలో మోసం చేసేవాడు ఐదు పూటలా వంగి లేచాడంతే" అనేవాడు. కానీ, "మీ నాలుగు గుణాలూ పడిపోనివాడి కోసం, మేడమ్. పడ్డవాడు ఎక్కడికి పోవాలి? వివేకం వాడికి తప్పు చూపిస్తుంది, న్యాయం శిక్ష చెబుతుంది. లేచే దారి మతమే చెప్పింది, తౌబా అని. అది బొమ్మ కాదు" అని వాదించేవాడు. తౌబా అంటే పశ్చాత్తాపపడి వెనక్కి తిరగడం.

ఈ మాటలు కిరీటం గొడవకు ముందువి. ఆ తరవాత ఏం చేశానో రాస్తాను.

ఉత్తరం వచ్చిన వారం కూడా నేను తాలాపారా వెళ్ళాను. మా అన్న చేసినదానికి సిగ్గుపడుతున్నానని ఆయనతో అన్నాను, ఉత్తరం మాట ఎత్తకుండా. "అన్న చేసినదానికి చెల్లెలేం చేస్తుంది, చదువుదాం" అన్నాడాయన. అప్పుడు మేం న్యాయం గురించిన ప్రకరణంలో ఉన్నాం. ఎవరికి చెందవలసింది వాళ్ళకు చెందించడమే న్యాయమని ఆయన చదివి అర్థం చెబితే, నేను నోట్సు రాసుకున్నాను. ఉత్తరం నా చేతిసంచీలోనే ఉంది. ఇవ్వాలనే తీసుకెళ్ళాను. ఇవ్వకుండా వెనక్కి తెచ్చాను. తరవాతి ఆదివారం సంచీ మార్చాను.

ధైర్యం అంటే పిరికితనానికీ దుడుకుతనానికీ నడిమి దారి అని ఆ తత్త్వవేత్తలు అంటారు. నేను నోరు మూసుకోవడాన్ని నడిమి దారి అనుకున్నాను. బయటపెడితే దుడుకు, ఉత్తరం చింపేస్తే పిరికి, దాచుకోవడం వివేకం. ఇంత చదువు చదివి నేను సంపాదించిన తెలివి ఇదీ. మా అన్నకు కనీసం ఈ తెలివి లేదు. అతను దేవత ముందు గుంజీళ్ళు తీసి నిద్రపోయాడు.

ఉద్యోగం పోయాక జమీల్ సాబ్ రోజూ పొద్దున్న పాసింజరులో దగ్గర్లోని కోటా అనే ఊరు వెళ్ళి, అక్కడ రైతులకు అర్జీలు రాసిపెట్టేవాడు. చేతివేళ్ళకు సిరా మరక పోయేది కాదు. ఆదివారం మాత్రం నాకోసం ఉంచాడు.

తొంభై ఆరులో గ్రంథం బైండు చేయించి ఒక ప్రతి ఆయనకు ఇచ్చాను. ముందుమాటలో "ఒక మిత్రుడికి" కృతజ్ఞతలు చెప్పాను. పేరు వెయ్యలేదు, ఇంట్లో అన్న చూస్తాడని. ఆయన నెల రోజులు చదివాడు. పేరు లేదన్న మాట ఎత్తలేదు. తౌబా ప్రకరణం తెరిచి, ఒకచోట వేలు పెట్టి అడిగాడు.

తౌబాకు మూడు షరతులని రాశాను: తప్పు మానెయ్యాలి, బాధపడాలి, మళ్ళీ చెయ్యనని గట్టిగా అనుకోవాలి. ఇవి దేవుడి పట్ల చేసిన తప్పుకు. మనిషి పట్ల చేసిన తప్పుకు నాలుగోది ఉంది: ఆ మనిషిది ఆ మనిషికి తిరిగి ఇవ్వాలి, అతని చేత మాఫీ పొందాలి. అది లేకపోతే మొదటి మూడూ లెక్కలోకి రావు. ఇద్దరం కలిసి చదివిందే.

"నాలుగోది లేదు. టైపింగ్ తప్పా మేడమ్?" అన్నాడు.

"అవును, టైపింగ్ తప్పు" అన్నాను.

"అచ్ఛా" అని పుస్తకం మూసి, భార్యను టీ తెమ్మన్నాడు.

ఆ గ్రంథానికి నాకు డాక్టరేటు వచ్చింది. దాన్నిబట్టి పదోన్నతి, సన్మానాలు, ఇందాకటి శాలువాలు. దాన్ని చూస్తే నాకు రోత. చిత్తుకాగితాల వాడు కూడా అట్ట చింపి లోపలివి మాత్రం తీసుకుంటాడు, మంచిదే.

ఆయన రెండువేల పద్దెనిమిది డిసెంబరులో పోయాడు. చివరి ఆదివారం కూడా వెళ్ళాను. ఊపిరి అందడం లేదు. అప్పుడైనా చెప్పవలసింది. ఈ స్థితిలో ఆయన్ను కష్టపెట్టకూడదని అనుకున్నాను. నాకు ఎప్పుడూ ఏదో ఒక మంచి కారణం దొరికేది.

6. పై మంగ్లా ఇల్లు, ఖాళీ స్థలంతో సహా, జమీలుద్దీన్ గారి కుమార్తె నస్రీన్‌కు సర్వహక్కులతో చెందాలి. కంసాలి ఉత్తరాన్ని నేను పోయిన పదమూడో రోజున భవిత అమ్మవారి గుళ్ళో అందరి ముందూ చదవాలి.

ఇంతవరకు మే పన్నెండున రాశాను. ఈ ఆరో క్లాజును పూర్తిగా రద్దు చేస్తున్నాను. కొట్టివెయ్యకుండా ఉంచుతున్నాను, నేను మొదట ఎలా ఆలోచించానో కనబడాలి కాబట్టి. కింద రాసేది జూన్‌లో రాస్తున్నది.

7. మే పద్దెనిమిది ఆదివారం, రాసినంతవరకు పట్టుకుని నస్రీన్ దగ్గరికి వెళ్ళాను. తాలాపారాలోనే ఆమెకు చిన్న కుట్టు దుకాణం ఉంది. ఇప్పుడు నలభై ఏడేళ్ళు. హిందీ కాగితం ఇచ్చి కూర్చున్నాను. ఆమె కుట్టుమిషను ఆపి, మొత్తం చదివింది. మధ్యలో ఒక్కసారి లేచి వెళ్ళి తలుపు దగ్గరికి వేసి వచ్చింది.

నేను క్షమాపణ చెప్పడం మొదలుపెడితే చెయ్యెత్తి ఆపింది. "మీరు పోయాక ఇల్లొస్తే నాకేం వస్తుంది? మీరు పోయాక నిజం చెప్తే మీకేం పోతుంది?" అంది.

ముప్పై నాలుగేళ్ళు పిరికిగా ఉండి, చివరికి నా శవం చేత ధైర్యం చేయించబోయాను. దాన్ని వీలునామా అని పేరు పెట్టి, దస్తావేజు కాగితం మీద రాశాను.

మీ నాన్నకు తెలుసా అని అడిగాను. అడగకుండా ఉండవలసింది. ఆమె కాగితం మడిచి నా ముందు పెట్టింది. "తెలిసి ఉంటే మీకు టీ ఇచ్చేవాడా అనే కదా? ఇచ్చేవాడే. నా కోపం అదే" అంది. తరవాత, "ఇల్లు నాకొద్దు. నన్ను ముకుట్‌వాలీ అన్నవాళ్ళ ముందు చెప్పండి. బతికుండగా చెప్పండి. నేనూ వస్తాను" అని మిషను మొదలుపెట్టింది.

మే ముప్పై శుక్రవారం సాయంత్రం హారతి అయ్యాక, కమిటీ ప్రెసిడెంటు బంగార్రాజును మైకు అడిగాను. ఏదైనా శ్లోకం చెబుతాననుకుని ఇచ్చాడు. నస్రీన్ చివరి వరసలో గోడకు ఆనుకుని నిలబడింది. మా అన్న ముందు వరసలో కుర్చీలో ఉన్నాడు. ఉత్తరం మొదటి నుంచి చివరిదాకా చదివాను. ఎప్పుడు వచ్చింది, ఎవరెవరం చదివాం, ఏం చేశాం, అన్నీ చెప్పాను. మధ్యలో రెండుసార్లు తడబడ్డాను. మంచి కారణం ఒకటి వెతుక్కోకుండా మాట్లాడటం నాకు అలవాటు లేదు.

మా అన్న లేచాడు. "ముసల్ది, మతి సెడిపోయింది. ఆ ఉత్తరం దొంగది" అన్నాడు. కొందరు తలలూపారు. అంత సులువుగా ఊపారు, తొంభై ఒకటిలో ఊపినట్టే. ఇక అయిపోయిందనుకున్నాను.

అప్పుడు మా వదిన కోమల లేచింది. ఆవిడకు డెబ్బై ఆరు. పెళ్ళై వచ్చిన నాటి నుంచి నలుగురిలో మా అన్న ముందు మాట్లాడటం నేను చూడలేదు. "ఉత్తరం దొంగది కాదు. ఆ పూట నేను పొయ్యికాడే ఉన్నాను. అన్నీ విన్నాను. ఈయన చదవడం చూశాను" అంది. గొంతు పెంచలేదు. అయినా అందరికీ వినబడింది. ఇంకో మాట కూడా అంది, "నేనూ సెప్పలేదు. నాదీ తప్పే."

మా అన్న కూర్చున్నాడు.

ఆ తరవాత జరిగింది కూడా రాయాలి. నస్రీన్‌తో ఒక్కరూ మాట్లాడలేదు. కిరీటం అపవిత్రమైందా లేదా అని చర్చ మొదలైంది. శాంతి హోమం చేయించాలని ఒకరు, పేరు చెరిపించడానికి సబ్ కమిటీ వెయ్యాలని ఒకరు. జమీలుద్దీన్ పేరు పలకమని నేను మైకులో అడిగాను. అడగ్గా అడగ్గా బంగార్రాజు లేచి, "జమీలుద్దీన్ గారు దొంగ కాదు, కాలనీ తరఫున తప్పైంది" అని చెప్పి, కమిటీ పుస్తకంలో రాసి సంతకం పెట్టాడు. రాసేటప్పుడు స్పెల్లింగ్ నస్రీనే చెప్పింది. ప్రసాదం ఇవ్వబోతే తీసుకోకుండా వెళ్ళిపోయింది.

రెండు రోజులకు మా ఇంటికి వచ్చింది. గ్రంథం రాసేటప్పుడు జమీల్ సాబ్ నాకు అరువిచ్చిన నోటు పుస్తకాలు తొమ్మిది, ఆయన చేతిరాతవి, నా దగ్గరే ఉండిపోయాయి. పాత వీలునామాలో వాటిని నా పేరుతో కాలేజీ లైబ్రరీకి రాసిచ్చాను. ఇంతకంటే నీచంగా రాయడం నాకు చేతకాదు. తొమ్మిదీ ఆమె చేతికి ఇచ్చేశాను, కంసాలి ఉత్తరం అసలు ప్రతి కూడా. కాబట్టి వాటి విషయం ఇక వీలునామాలో లేదు.

8. మంగ్లా ఇల్లు మా వదిన కోమలకు చెందాలి, అమ్ముకునే హక్కుతో సహా. గుడి నుంచి ఇంటికి పోయిన ఆ శుక్రవారమే ఆవిడ నాలుగు చీరలు, మందుల డబ్బా సంచీలో పెట్టుకుని ఇక్కడికి వచ్చేసింది. వెళ్ళమని అన్న అన్నాడో, ఉండలేక వచ్చిందో నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు. పొద్దున్నే లేచి పూజ చేసుకుంటుంది. ఆ అగరొత్తుల వాసన నాకు ఇంకా పడదు. కానీ గదిలో నుంచి లేచి పోవడం మానేశాను. ఆవిడ ఏ పుస్తకమూ చదవలేదు. ధైర్యానికి నిర్వచనం చెప్పమంటే చెప్పలేదు. వ్రతాలు చేసిన చేతులే నా అన్నవీ ఆవిడవీ. ఒకరికి ఒంటబట్టింది, ఒకరికి పట్టలేదు. ఎందుకో నా గ్రంథంలో ఐదువందల పేజీల్లో ఎక్కడా లేదు, ఇప్పుడూ నాకు తెలియదు. తెలిసినట్టు రాయను.

భవిత తన నానమ్మ తదనంతరం ఆ ఇంటి మీద ఆశ పెట్టుకోదని నమ్ముతున్నాను. పెట్టుకుంటే నానమ్మను అడగాలి, నా పేరు చెప్పి కాదు.

9. నా అంత్యక్రియలకు మా అన్న రావచ్చు. రానివ్వొద్దని మొదట రాద్దామనుకున్నాను. అతను ఇప్పుడు గుడికి పోవడం లేదట, చీకటి పడేదాకా వరండాలో కూర్చుంటున్నాడట. జాలి పడాలో లేదో తేల్చుకోలేదు. కొరివి మాత్రం రాంప్రసాద్ ఒప్పుకుంటే రాంప్రసాద్, లేదంటే కరెంటు శ్మశానం. సంతాప సభ పెట్టకూడదు. పెడితే ఎవరూ నన్ను సత్యశీలి అనకూడదు.

ఇది నా ఆఖరు మాటగా, పూర్తి తెలివితో, ఇద్దరు సాక్షులు చూస్తుండగా సంతకం చేస్తున్నాను. ఇందులో నన్ను నేను తిట్టుకున్న చోట్లు చట్టానికి అక్కర్లేదని భవిత అంటుంది. చట్టానికి అక్కర్లేకపోవచ్చు.

బిలాస్‌పూర్, మంగ్లా.
తేదీ: 15 జూన్ 2025, ఆదివారం.

(సం.) ముద్దాడ కనకమహాలక్ష్మి

సాక్షులు:

1. (సం.) గిరిబాబు, రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, పక్కింటివారు.

2. (సం.) నస్రీన్, జమీలుద్దీన్ గారి కుమార్తె, తాలాపారా. ఈ వీలునామా వల్ల ఈమెకు ఏ లాభమూ లేదు గనుక సాక్షిగా ఉండటానికి అర్హురాలు. నేను సంతకం పెట్టడం చూసినట్టు మాత్రమే ఈమె సంతకం చేసినది. ఇది మాఫీ ఇచ్చినట్టు కాదని స్పష్టంగా రాయమన్నది. రాశాను.